పెట్రోలు కుళాయీ, బట్టల సబ్బూ

మొన్న మా చిన్నమ్మాయీ అల్లుడూ మోటారు సైకిలు మీద అమలాపురం వచ్చారు. రావులపాలెం దగ్గర హైవే దిగిన దగ్గర్నుంచీ మా వీధి గుమ్మం దాకా అమ్మాయి అతని నడుం చుట్టూ రెండు చేతులూ వేసి, గడ్డం భుజం మీద ఆనించి, హాయిగా కునుకు తీస్తూ వచ్చిందట. బండి ఆగాక కూడా ఆ చేతులు వెంటనే ఊడి రాలేదు. అరుగు మీద కుర్చీలో కూర్చున్న మా అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని మరీ ఆ వైభవాన్ని చూసింది. మిషను బడిలో హెడ్మిస్ట్రెస్సుగా రిటైరైన మనిషి, ఎనభై దాటినా వీధిలో పిల్లలు తల దువ్వుకోకుండా వెళ్తే పిలిచి నిలదీసే మనిషి, ఇప్పుడేం అంటుందోనని నాకు భయం వేసింది. "రండమ్మా, కాళ్ళు కడుక్కోండి" అని, తనలో తను నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అల్లుడి చొక్కా బొత్తాం ఊడితే అమ్మ సూదీదారాల డబ్బా తీశాను. ఒకప్పటి బిస్కెట్ల డబ్బా అది, మూత మీద బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది. హుక్కులూ, పిన్నీసులూ, ఏ రవికవో తెలియని గుడ్డ ముక్కలూ తీసి పక్కన పెడుతుంటే అడుగున దారపు ఉండలోంచి ఒక ఎర్రటి ఫైబరు చక్రం జారి పడింది. మధ్యలో చిల్లు, చుట్టూ ఒక్క నొక్కు కూడా లేదు. చేసిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. అదేమిటో గుర్తుపట్టడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు, ఎందుకంటే దాని కోసం నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక కోడి అన్యాయంగా ప్రాణాలు విడిచింది.

"ఇది నీ డబ్బాలో ఎందుకుందమ్మా?" అని అడిగాను. అమ్మ దాన్ని నా చేతిలోంచి తీసుకుని, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ దారపు ఉండలో దోపేసి, "ముందు బొత్తాం కుట్టు" అంది.

అది మోటారు సైకిలు పెట్రోలు కుళాయికి వేసే వాషరు. ట్యాంకు అడుగున కుళాయి బిగించే చోట ఇది ఉంటే పెట్రోలు కారదు. లేకపోతే కారుతుంది. ఇంతకంటే అందులో శాస్త్రం లేదు. కానీ ఇది లేకపోవడం మీదే మా ఇంటిల్లిపాదీ కొన్నేళ్ళు బతికాం.

ఆ బండి మా ఇంటికి దేవుడి పేరు మీద వచ్చింది. మా ఊరు రాజోలుకి దగ్గర, కాలవ గట్టు మీద. మా చర్చి సంఘంలో ఏటా కోతపండుగ చేసేవారు. ఎవరి దొడ్లో పండింది వాళ్ళు గుడికి తెచ్చి ఇస్తే, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసి ఆ డబ్బు సంఘానికి జమ కట్టేవారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరి మొక్కలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఆ ఏడాది తన దేశం వెళ్ళిపోతున్న ఒక దొరగారు తన మోటారు సైకిలు కూడా సంఘానికి ఇచ్చేసి వెళ్ళారు. సంఘ పెద్దలకి దాన్ని ఏం చెయ్యాలో తోచక, గుమ్మడికాయ తర్వాత, గిన్నికోడికి ముందు వేలానికి పెట్టారు. మా పెద్దమావయ్య, అంటే అమ్మకి అన్నయ్య, సరదాగా చెయ్యెత్తాడు. బావ చెయ్యెత్తాడు కాబట్టి మా నాన్న కూడా ఎత్తాడు. అలా ఇద్దరూ కీర్తనకి ఎత్తినట్టు చేతులెత్తుకుంటూ పోతుంటే, మావయ్య ఉన్నట్టుండి చెయ్యి దించి జేబులో పెట్టేసుకున్నాడు. మా నాన్న చెయ్యి మాత్రం పైనే ఉండిపోయింది. అప్పటికి ఆయనకి సైకిలు తప్ప ఏదీ తొక్కడం రాదు. ఆ బండిని గుడి నుంచి ఇంటి దాకా తోసుకుంటూ వచ్చాడు, వెనక నాయనమ్మ గిన్నికోడిని పట్టుకుని నడిచింది.

మా నాన్న దావీదు మలికిపురంలో కొబ్బరి కొట్టులో గుమస్తా. మంచివాడే, కానీ ఆయనకి ఒక జబ్బుండేది. కంటికి కనిపించిన ప్రతిదాన్నీ ఇంకొంచెం బిగించేవాడు. ఆయన మూత పెట్టిన ఊరగాయ జాడీ మళ్ళీ ఆయన కొట్టు నుంచి వచ్చేదాకా ఎవరి వల్లా తెరుచుకునేది కాదు. ఆయన బిగించిన మంచం నులక మీద పడుకుంటే చెక్క మీద పడుకున్నట్టు ఉండేది. అలాంటి మనిషి చేతికి దొరగారి బండితో పాటు ఒక స్పానర్ల సంచీ కూడా వచ్చింది. బండి నడపడం నేర్చుకున్న వారంలోనే ఆయన పెట్రోలు కుళాయిని చూసి, ఇది కొంచెం వదులుగా ఉన్నట్టుంది అనుకున్నాడు. లేదు. బాగానే ఉంది. ఆయన బిగించాక లోపలున్న పాత వాషరు చితికి పిండయిపోయింది. ఆ క్షణం నుంచీ చుక్క చుక్కగా కారడం మొదలుపెట్టింది. కారుతోందని మళ్ళీ బిగించాడు. ఇంకా బాగా కారింది.

అదే సమయానికి అమ్మని మా ఊరి బడి నుంచి మలికిపురం అవతల సముద్రం వైపున్న ఇంకో మిషను బడికి మార్చారు. పొద్దున్న మొదటి బస్సు అక్కడికి చేరేసరికి ప్రార్థన అయిపోయి హాజరు కూడా వేసేసేవారు. కాబట్టి నాన్న బండి మీద అమ్మనీ, అదే బడిలో చదివే నన్నూ దింపి, వెనక్కి మలికిపురం కొట్టుకి వచ్చేవాడు. నేను ముందు ట్యాంకు మీద. వెనక అమ్మ ఒక పక్కకి తిరిగి కూర్చుని, తనకీ నాన్నకీ మధ్య పుస్తకాల సంచీ నిలబెట్టేది. ఆ సంచీ మా ఇంటి మర్యాద. పెళ్ళయి పిల్లలున్న ఆడమనిషైనా సరే, పగటిపూట పదిమందిలో మొగుణ్ణి ముట్టుకోకూడదు. గుడిలో ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు. బండి మీద మధ్యన సంచీ. అమ్మ పట్టుకోవడానికి సీటు కింద ఒక స్ప్రింగు ఉండేది, గతుకు వచ్చినప్పుడల్లా అది వేళ్ళని కొరికేది.

అమ్మకి ఆ ఉద్యోగం ఎందుకంత ముఖ్యమో ఇక్కడ చెప్పాలి. మా అమ్మమ్మ వరి చేలల్లో ఊడ్పులు ఊడ్చి, కుప్పలు మోసి, ఆ కూలితో అమ్మని హాస్టల్లో పెట్టి చదివించింది. ఏ రైతుల చేలల్లో అమ్మమ్మ నడుం వంచిందో ఆ రైతుల మనవలకి మా అమ్మ బెత్తం పట్టుకుని ఎక్కాలు చెప్పించేది. జీతం సంగతి తర్వాత. ఆ బెత్తం కోసం మా అమ్మ ఏమైనా చేస్తుంది. అది నాకు అప్పుడే తెలుసు.

ఇక వాసన. మా ఇంట్లో అన్నం పెట్రోలు వాసన, పాలు పెట్రోలు వాసన, నాయనమ్మ బైబిలు తెరిస్తే ఆదికాండం నుంచి ప్రకటన గ్రంథం దాకా పెట్రోలు వాసన. బండి రాత్రిపూట వసారాలో ఉండేది, కుళాయి కింద గిన్నె పెట్టేవాళ్ళం. పొద్దున్నే నాన్న ఆ గిన్నెలోది పారబొయ్యకుండా గుడ్డలో వడగట్టి మళ్ళీ ట్యాంకులో పోసేవాడు. అమ్మ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర బడికి చేరేసరికి కుచ్చిళ్ళ దగ్గర పచ్చటి మరక. పిల్లలు అమ్మకి వెనక నుంచి పెట్రోలు టీచరు అని పేరు పెట్టారు. నా ముందే అనేవారు.

ఒకరోజు మలికిపురం దాటగానే పెట్రోలంతా దారిలోనే కారిపోయి బండి ఆగిపోయింది. మిగిలిన దారి నడిచి వెళ్ళేసరికి గంట కొట్టేశారు. ఇంకోరోజు కాలవ గట్టు మీద ఇసక దగ్గర బండి జారితే, స్ప్రింగు చేతిలోంచి పోయి అమ్మ కింద పడింది. మోచెయ్యి గీసుకుపోయింది. లేచి, చీర దులుపుకుని, నన్ను చూసి, నాన్న ముఖం చూడకుండానే మళ్ళీ ఎక్కింది. ఆ రోజు కూడా ఆలస్యమే. ఆ బడికి కరస్పాండెంటుగారు ఒకాయన ఉండేవారు, ఆయన చెల్లెలి కోడలు ట్రైనింగు పూర్తిచేసి ఇంట్లో ఖాళీగా కూర్చుని ఉంది. ఆయన గేటు దగ్గర నిలబడి చేతి గడియారం చూస్తూ అమ్మతో ఎంతో మర్యాదగా మాట్లాడారు.

"సుగుణమ్మగారూ, మీ పాఠానికి వంక పెట్టేవాడు లేడండీ. కానండీ, గంట కొట్టేకా వచ్చే పాఠం ఎంత బాగుంటే ఏం లాభవండీ? ఇంకొక్కసారి ఇలాగయితే కమిటీకి రాయక తప్పదండీ. నన్ను తప్పుగా అనుకోకండీ."

"ఆయ్, అలాగేనండి" అంది అమ్మ.

మా వైపు ఉద్యోగం పీకేసేటప్పుడు కూడా అండీ లేకుండా పీకరు. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు. నాన్న గిన్నె ముందు గొంతుక్కూర్చుని కారే చుక్కల్ని చూస్తూ ఉండిపోయాడు. అంత పెద్ద మనిషి ఒక గిన్నె ముందు అలా కూర్చోవడం చూస్తే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

మరమ్మతుకి మొదట ముందుకొచ్చింది మా నాయనమ్మ రాహేలమ్మ. ఆవిడకి బెల్లం, సున్నం కలిపి నూరిన ముద్ద మీద అపారమైన విశ్వాసం. పగిలిన కుండకీ అదే, బీటలిచ్చిన గచ్చుకీ అదే. ఆవిడ ఇంకో రహస్యం ఏమిటంటే, సంఘంలో ప్రార్థనాపరురాలిగా పేరున్న ఆ మనిషి దొడ్లో అరటి చెట్ల వెనక లంక పొగాకు చుట్ట కాల్చేది. ఊరందరికీ తెలుసు. ఆవిడకి మాత్రం ఊరికి తెలియదనే నమ్మకం. ఆ సాయంత్రం సున్నం ముద్ద అరచేతిలో పెట్టుకుని, ప్రార్థన చేసుకుని ట్యాంకు కిందకి వంగిందో లేదో, వంటింటి గుమ్మంలోంచి అమ్మ గట్టిగా పిలిచింది.

"అత్తయ్యగారూ, ఆ నోట్లో ఉన్నది ముందు నూతి దగ్గర పడేసి రండి. మనందరం ఒకేసారి పరలోకం వెళ్ళక్కర్లేదు."

నాయనమ్మ నోట్లోది తీసి చూసుకుని, అది చుట్ట అని అప్పుడే తెలిసినట్టు ఆశ్చర్యపోయింది. పడేసి వచ్చి ముద్ద పెట్టింది. నిజం చెప్పొద్దూ, ముద్ద పెట్రోలుకి లొంగలేదు. రాయిలా గట్టిపడింది. కానీ మొదటి గతుక్కే పెళ్ళున పగిలి ఊడింది. ఈలోగా బెల్లానికి ఊళ్ళో చీమలన్నీ వచ్చాయి. రెండ్రోజుల పాటు ట్యాంకు మీద కూర్చున్న నా అవస్థ వర్ణించను.

తర్వాత సూరిబాబుగారు. కాలవ మలుపులో నావలు బాగుచేసే మనిషి. పలకల సందుల్లో నార కూరి, గుగ్గిలం కాచి పూసి, చచ్చిన నావని కూడా తేలేలా చేస్తాడని పేరు. ఆ పేరు ఎక్కువగా ఆయనే చెప్పేవాడు. శనివారం సాయంత్రం నాన్న ట్యాంకు విప్పి, భుజం మీద పెట్టుకుని పట్టుకెళ్ళాడు. సూరిబాబుగారు దాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, తట్టి, చెవి ఆనించి విన్నారు.

"ఇదేం పెద్ద పనండీ దావీదుగారూ. మా నావకి సముద్రవే ఆగుతుంది. మీ సీసాడు పెట్రోలు ఆగదేటండీ?"

కుళాయి చుట్టూ నార చుట్టి, మీద గుగ్గిలం పోసి, నల్లటి బొబ్బ కట్టించాడు. ఆరాక, పని అయ్యిందో లేదో తెలియాలి కదా. నావ బాగుచేసేవాడు నావని ఎలా పరీక్షిస్తాడు? నీళ్ళలోకి తోసి చూస్తాడు. ఆయన కూడా అదే చేశాడు. ట్యాంకు మూత బిగించి, కొక్కేనికి తాడు కట్టి కాలవలో వదిలాడు. ఆదివారం గుడి నుంచి వచ్చేవాళ్ళందరూ గట్టు మీద ఆగిపోయారు. నీలి రంగు ట్యాంకు బాతులా తేలుతూ కాలవలో కొంత దూరం వెళ్ళింది. పైకి లాగి, మూత తీసి, వేలు పెట్టి చూపించాడు. లోపల చుక్క నీరు లేదు. గట్టు మీద వాళ్ళు చప్పట్లు కొట్టారు. మా నాన్న ఆయనకి చేతులు జోడించాడు. పెట్రోలు లోపలుంటుంది, నీళ్ళు బయటుంటాయి అనే ముక్క ఆ గట్టు మీద ఒక్కరికీ తట్టలేదు. పుట్టిన దగ్గర్నుంచీ నీళ్ళు లోపలికి రాకుండా కాచుకోవడమే తెలిసిన మనుషులం.

సోమవారం పొద్దున్న కుటుంబ ప్రార్థనలో నాయనమ్మ సూరిబాబుగారి చేతి పనిని కూడా పేరు పెట్టి ఆశీర్వదించింది. నాన్న కిక్కు కొట్టాడు. బండి దగ్గింది. మళ్ళీ కొట్టాడు. అదీ లేదు. వంగి చూస్తే రాత్రంతా పెట్రోల్లో నానిన గుగ్గిలం మైనంలా కరిగి, కొంత కిందకి కారి, కొంత కుళాయి గొంతులోకి దిగి పూడుకుపోయింది. అప్పుడే తన పనితనం చూసుకుందామని సూరిబాబుగారు కూడా వచ్చారు. నాన్న ఆయన వైపు చూశాడు.

"అందులో నీళ్ళు పొయ్యండి, సుక్క కారితే నా పేరు మార్సుకుంటానండి" అన్నారాయన, కొంచెం కూడా తగ్గకుండా. "మీరు పెట్రోలు పోస్తే నేనేం సెయ్యనండి?"

నాన్న కుళాయి విప్పి, చీపురు పుల్లతో కెలికి, బంకంతా గోకేసి మళ్ళీ బిగించాడు. ఇప్పుడు నారా లేదు, గుగ్గిలం లేదు, అడుగున వాషరూ లేదు. చుక్కలు పోయి ధార మొదలైంది. సుగుణా, నువ్వు బస్సుకి వెళ్ళిపో అనబోయాడు, కానీ బస్సుకి వెళ్ళడమంటే ఉద్యోగం వదులుకోవడమేనని ఆయనకీ తెలుసు. అమ్మ గంజి చీర కట్టుకుని, సంచీ పట్టుకుని, గుమ్మంలో నిలబడి ఉంది. ఏడవలేదు. నూతి గట్టు మీద బట్టలుతికే సబ్బు బిళ్ళ వైపు చూస్తోంది.

రోజూ సాయంత్రం ఆ పచ్చటి మరకలు ఉతికేది తనే కదా. నీళ్ళు తగిలితే కరిగిపోయే సబ్బు, పెట్రోలు తగిలిన చోట కరగకపోగా బిగుసుకోవడం ఆమె ఎప్పట్నుంచో చూస్తోంది. సంచీ కింద పెట్టి వెళ్ళి, సబ్బు ముక్క విరిచి, తడి చేత్తో మెత్తగా పిసికి, బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కుళాయి చుట్టూ కూరింది. బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుంది. ధార చుక్కయింది. చుక్క ఆగిపోయింది.

"నీళ్ళకి కరిగేది దీనికి కరగదండీ" అంది నాన్నతో, తరగతిలో చెప్పినట్టు. "దీనికి కరిగేది నీళ్ళకి కరగదు. పదండి."

బండి కదిలింది. గట్టు దిగి మొదటి గతుకులో పడగానే సబ్బు కదిలి, నా మోకాలి కింద చల్లగా తగిలింది. "అమ్మా, కారుతోంది" అన్నాను. వెనక నుంచి అమ్మ చెయ్యి వచ్చింది. మధ్యలో సంచీ అడ్డు. ఒక్క క్షణం ఆగింది. ఆ సంచీని తీసి ఒళ్ళో పెట్టుకుంది. నాన్న తొడ మీదుగా చెయ్యి ముందుకి చాచి, ట్యాంకు కిందకి పోనిచ్చి, సబ్బు ముద్దని బొటనవేలితో అదిమి పట్టుకుంది. అంత ముందుకి వంగాలంటే తల ఆయన వీపుకి ఆనించక తప్పలేదు. మా నాన్న టెలిఫోను స్తంభంలా బిగుసుకుపోయాడు. ఆయన చెవులు ఎర్రబడటం నాకు పక్క అద్దంలో కనిపించింది.

అలాగే మలికిపురం సెంటరు మధ్యలోంచి వెళ్ళాం. కొబ్బరి కొట్ల ముందు కూలీలు కాయలు దింపడం ఆపేశారు. టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని మా పెద్దమావయ్య నిలబడి ఉన్నాడు. తన చెల్లెలు, మిషను బడి టీచరు, పట్టపగలు మొగుడి తొడ మీద చెయ్యి వేసి, వీపు మీద తల పెట్టి ఊరేగుతుంటే చూసి టీ చొక్కా మీద పోసుకున్నాడు. మా నాన్న జీవితంలో ఆయన మీద గెలిచింది ఆ ఒక్క పూటే. ఆ సమయంలో ఆయనకి ఆ సంగతి పట్టినట్టు లేదు.

గేటు దగ్గర కరస్పాండెంటుగారు గడియారం చూస్తూనే ఉన్నారు. బండి దిగేసరికి బంట్రోతు ఇంకా గంట తాడు పట్టుకోలేదు. అమ్మ సబ్బు చేత్తోనే నమస్కారం పెట్టింది. ఆయన వాసన పీల్చి, ముక్కు నలిపి, "శుభోదయవండీ" అన్నారు. చెల్లెలి కోడలు ఇంట్లోనే ఉండిపోయింది. ప్రార్థనలో అమ్మ గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు నేను.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే మా ఇంట్లో ఒక కొత్త ఆచారం మొదలైంది. పక్కిళ్ళలో ఆడవాళ్ళు ముగ్గు వేసే వేళకి అమ్మ కుళాయికి సబ్బు పెట్టేది. పెట్టి, వేలితో నునుపు చేసి, కాసేపు చూసి, లేచేది. సబ్బు ఒక్కటే చాలా రోజులు బాగానే ఆగేది కూడా. అయినా బండి కదిలితే చాలు, అమ్మ చెయ్యి వెళ్ళి కుళాయి దగ్గర ఉండేది. సంఘంలో ఆడవాళ్ళు గుసగుసలాడారు. ఒకావిడ ధైర్యం చేసి గుడి మెట్ల మీద అడిగింది, ఏం సుగుణమ్మగారూ, దావీదుగారిని మరీ అంత గట్టిగా పట్టుకుంటున్నారేంటండీ అని. "పెట్రోలు కారుతోందండీ" అంది అమ్మ. ఆ మాటకి ఎదురు చెప్పగలవాళ్ళు మా సంఘంలో లేరు. పెట్రోలు ఖరీదు తెలిసిన అయ్యగారు కూడా, అంటే మా పాస్టరుగారు, అది పొదుపరి అయిన భార్య లక్షణమేనని ఒప్పుకున్నారు.

కొన్నాళ్ళకి నాన్న కొట్టు పని మీద కొబ్బరి లారీతో రావులపాలెం వెళ్ళినప్పుడు అక్కడ లారీలు బాగుచేసే షెడ్డులో కుళాయి కొలత ఇచ్చి ఒక ఫైబరు వాషరు కోయించుకొచ్చాడు. ఇంటికొచ్చి అందరికీ చూపించాడు. ఎర్రగా, ముద్దుగా ఉంది. అన్నం తిని వేద్దామని కిటికీ గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్ళాడు. వచ్చేసరికి లేదు. ఇల్లంతా ఊడ్చారు, చేట తిరగేశారు, నాయనమ్మ దిండు కింద వెతికారు, ఆవిడ పొగాకు దొరికింది కానీ వాషరు దొరకలేదు. చివరికి అనుమానం కిటికీ మీదకి ఎగిరే అలవాటున్న ఎర్ర పెట్ట మీద పడింది. మెరిసేది ఏది కనిపించినా పొడుస్తుందని దానికి ముందు నుంచీ చెడ్డ పేరుంది. నాన్న ఆవేశంలో ఉన్నాడు. కోశారు. కందనకాయ చీరి చూస్తే రెండు గులకరాళ్ళూ, కాసిని వడ్లూ. ఏ పాపం ఎరగకుండా ప్రాణమిచ్చి అది హతసాక్షి అయినట్టు అప్పుడు తెలిసింది. ఆ కూర అమ్మే వండింది. కొబ్బరి పాలు పోసి, చాలా శ్రద్ధగా వండింది. మేమందరం విచారంగా రెండోసారి వడ్డించుకున్నాం.

"పోన్లే సుగుణా, ఈసారి వెళ్ళినప్పుడు ఇంకోటి కోయించుకొస్తాను" అన్నాడు నాన్న చెయ్యి కడుక్కుంటూ.

తేలేదు. లారీతో రావులపాలెం ఎన్నిసార్లు వెళ్ళాడో లెక్కలేదు. వచ్చిన ప్రతిసారీ నుదురు కొట్టుకుని, అయ్యో, మళ్ళీ మర్చిపోయేను అనేవాడు. కొట్టులో ఏ రైతు ఏ తోట నుంచి ఎప్పుడు ఎన్ని కాయలు వేశాడో కాగితం చూడకుండా చెప్పే మనిషి. ఇంట్లో ఏది చూసినా బిగించకుండా ఉండలేని మనిషి. ఆ ఒక్క కుళాయిని మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. నేను అది పిసినారితనం అనుకునేదాన్ని. పెద్దయ్యాక నలుగురిలో చెప్పి నవ్వించాను కూడా. బండి మమ్మల్ని అలా సబ్బు మీద ఏళ్ళ తరబడి మోసింది. అమ్మ హెడ్మిస్ట్రెస్సు అయ్యేదాకా మోసి, బడి దగ్గరే క్వార్టర్సు వచ్చాక ఒకరోజు పాత ఇనుం వాడితో వెళ్ళిపోయింది. నాన్న పోయి కూడా చాలా ఏళ్ళయింది.

ఇప్పుడు మా అల్లుడి బండికి కుళాయి ఉందో లేదో కూడా అతనికి తెలియదు. ఎక్కడా చుక్క కారదు. వాసన లేదు. దారిలో ఎన్ని సెంటర్లు దాటినా, ఒక పిల్ల తన మొగుణ్ణి పట్టుకుందని టీ ఒలకబోసుకునే మావయ్యలు లేరు. మంచిదే. మా అమ్మమ్మ వంగిన నడుముకీ మా అమ్మాయి పట్టుకున్న నడుముకీ మధ్య ఎంత దూరం వచ్చామో తలుచుకుంటే సంతోషమే నాకు. ఆ పెట్రోలు కంపు మళ్ళీ కావాలని నేను పొరపాటున కూడా కోరుకోను. అయినా బంకు దగ్గర ఎప్పుడైనా ఆ వాసన తగిలితే, మోకాలి పక్కన సబ్బు నురగతో మెరిసే ఒక బొటనవేలు కనిపిస్తుంది.

పిల్లలు వెళ్ళిపోయాక మళ్ళీ డబ్బా తీసి అమ్మ పక్కన కూర్చున్నాను. చక్రం తీసి ఆమె అరచేతిలో పెట్టాను.

"కోడి మీద పెట్టేవు కదమ్మా" అన్నాను.

"మంచి కోడి" అంది అమ్మ. "గుడ్లు కూడా పెట్టేది."

"ఎందుకు దాచేవు?"

అమ్మ వాషరుని బొటనవేలికి ఉంగరంలా తొడిగి చూసుకుంది. ఆ బొటనవేలు ఇప్పుడు కొంచెం వంకర తిరిగింది.

"ఇసకలో పడ్డాను కదే ఓసారి. ఆ స్ప్రింగు పట్టుకుని కూర్చుంటే రోజూ ప్రాణం గుప్పిట్లో ఉండేది. బడి మానలేను. మీ నాన్నగార్ని పట్టుకుందామంటే ఊరు ఊరుకోదు. సబ్బు పుణ్యమాని ఒక దారి దొరికింది. ఇది వేసేస్తే నేనెక్కడ పట్టుకోవాలి?"

నాకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు మండాయి. "పాపం, నాన్నగారికి చివరిదాకా తెలీలేదు కదా" అన్నాను.

అమ్మ నన్ను బడిలో మొద్దు పిల్లని చూసినట్టు చూసింది. వాషరు వేలి నుంచి తీసి డబ్బాలో వేసి మూత పెట్టింది.

"నెలకి రెండుసార్లు రావులపాలెం వెళ్ళేవారు కదే" అంది. "ఇంకోటి తెచ్చేరా?"